చాందమారి కింది గూడెం

ఆళ్లగడ్డలో అహోబిలం బస్సెక్కి దారి మధ్యలో దిగి, శనగ చేల గట్ల మీదుగా కొండవైపు నడిస్తే లింగమ్మ వాళ్ల గూడెం వస్తుంది. పాతిక కొట్టాలు కూడా ఉండవు. అందరూ చెంచువాళ్లే. గూడెం దాటగానే నల్లమల మొదలు. రెండు కొండగట్లు చేతులు చాచినట్టు ముందుకొచ్చి ఉంటాయి. వాటి నడుమ ఒక కోన, కోన చివర నిలువునా లేచిన కొండ. బంకకు పోయినా, తేనెకు పోయినా, కుంకుడుకాయలకు పోయినా గూడెం వాళ్లు ఆ కోనలోంచే పైకి ఎక్కాలి.

లింగమ్మ పుట్టింది రుద్రవరం వైపు ఇంకో గూడెంలో. నాగయ్యను చేసుకొని ఇక్కడికొచ్చింది. మనిషి పొడగరి, గొంతు పెద్దది. నాగయ్య ఆమె భుజం దాటడు, మాట పక్కనున్నవాళ్లకే వినపడదు. ఇద్దరూ కలిసి కూలికి పోతుంటే చేలల్లో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నాగయ్య కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. వాళ్లకు ఇద్దరు బిడ్డలు పుట్టారు, ఇద్దరూ నిలవలేదు. కొట్టంలో అత్త నరసమ్మ, మరిది శివ వాళ్లతోనే ఉండేవాళ్లు. శివకు అప్పటికి మీసం కూడా సరిగా రాలేదు.

తొంభై మూడు ఎండాకాలంలో రెండు జీపులు గూడెం పక్కగా వచ్చి కోన మొదట్లో ఆగాయి. ఖాకీ బట్టల పెద్దాఫీసర్లు దిగి దుర్భిణీ పెట్టి కొండను చూశారు. నీళ్లు యాడ దొరుకుతాయని అడిగితే నాగయ్య కుండెడు తెచ్చిచ్చాడు. వాళ్లలో ఒకాయన నీళ్లు తాగుతూ పక్కాయనతో, "మూడు పక్కలా కొండే, తూటా ఎటూ పోదు. జనం కూడా లేరు" అన్నాడు.

నాగయ్య ఆ మాట ఇంటికొచ్చి చెప్పాడు. "నా చేతి నీళ్లు తాగుతా జనం లేరంటాడే ఆ సారు."

లింగమ్మకూ నవ్వొచ్చింది. నరసమ్మ మాత్రం నవ్వలేదు. "వాళ్లు కొండను ఎందుకు చూస్తాండ్రి?" అని అడిగింది. 

ఆ ఏడాది వానలు వెనకబట్టాక తెలిసింది. ఆ రోజుల్లో కొండమీద అన్నల తిరుగుడు ఎక్కువ, కింద ఊళ్లలో కక్షలు ఎక్కువ. ఎప్పుడు ఏం జరిగినా ఎక్కడో దూరంగా ఉన్న రిజర్వు పోలీసుల పటాలం లారీల్లో దిగేది. అట్లా వచ్చినవాళ్లకు తుపాకీ గురి తప్పకుండా ఉండటానికి దగ్గర్లో ఒక జాగా కావాలట. దానికి ఈ కోనను తీసుకున్నారు. కొండ మొదట్లో మట్టితో ఎత్తుగా కట్ట పోసి, దాని ముందు మనిషి ఆకారంలో కోసిన చెక్కలు నిలబెట్టారు. కింద ఊళ్ల తురకలు దాన్ని చాందమారి అన్నారు. పేరు అట్లే నిలబడిపోయింది.

గట్టుమీద ఎర్రజెండా ఎగిరితే ఆ రోజు కోనలోకి పోకూడదు. మొదట్లో నెలకు కొన్ని రోజులే ఎగిరేది. తర్వాత్తర్వాత జెండాను దించేవాడే లేకపోయాడు. లారీలు వచ్చినా, రాకున్నా అది అట్లే ఉండేది. దాటిపోదామంటే కాపలావాళ్లు తరిమేవాళ్లు. కొండెక్కాలంటే గట్టు చుట్టి రావాలి. పొద్దున బయల్దేరినవాళ్లు బంక చెట్ల దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. కొట్టుకొచ్చే బంక ముందటిలో సగమే. కాల్పుల మోతకు కోన పైనున్న బండల్లోంచి తేనెపట్లు లేచిపోయాయి. నాగయ్య తాతల నాటి నుంచి తీస్తున్న పట్లు అవి. తేనెకు దిగే తాళ్లు తీసి దూలానికి వేలాడేశాడు.

కట్టమట్టిలో సీసం ఉందని మొదట కనిపెట్టింది ఎవరో ఎవరికీ గుర్తులేదు. పటాలం లారీలు ఎక్కి పోయాక గూడెం వాళ్లు, కింద ఊళ్ల వాళ్లు కూడా పోయి మట్టి తవ్వి జల్లెడ పట్టేవాళ్లు. దిగబడ్డ తూటాల్లో సీసం, రాగి. నేలమీద ఇత్తడి గుల్లలు. నంద్యాలలో పాత సామాన్ల అంగడివాడు అడగకుండా తూచుకునేవాడు.

నాగయ్య వద్దన్నాడు. "అది మనది కాదు మే. దాని జోలి మనకొద్దు."

"బంక మనదే గదా, కొట్టనిస్తాండారా?" అంది లింగమ్మ.

తొంభై ఏడులో వాన మొహం చాటేసింది. చేలల్లో కూలి లేదు. నరసమ్మ దగ్గుతో మంచాన పడింది. లింగమ్మే ముందు గంప తీసుకొని చాందమారికి పోయింది. నాలుగైదు మార్లు ఆమె ఒక్కతే పోయింది. ఆడమనిషి ఒక్కతే మట్టి తవ్వుతుంటే చూడలేక తర్వాత నాగయ్యా వెంట పోయాడు. పోయినాక అందరికంటే బాగా ఏరింది అతనే. తేనెకు అలవాటుపడ్డ కళ్లు, ఎంత చిన్న మెరుపునైనా పట్టేవి.

ఆ కార్తీకంలో పటాలం వాళ్లు తుపాకులే కాకుండా చిన్న గొట్టాల్లోంచి గుండ్లు కూడా పేల్చారు. కొండంతా అదిరింది. వాళ్లు పోయిన మర్నాడు నాగయ్యకు పొదలో ఒకటి దొరికింది. జానెడు పొడవు, తోకకు చిన్న రెక్కలు. పేలినదే అనుకున్నాడు. గోనెలో వేసుకొని ఇంటికి తెచ్చాడు.

పొద్దున లింగమ్మ బిందె తీసుకొని వంకకు పోయింది. నాగయ్య కొట్టం ముందర కూర్చొని తోక ఊడదీయడానికి రాయితో కొడుతున్నాడు. ఆ చప్పుడు ఆమెకు వంక దాకా వినపడుతూనే ఉంది. తర్వాత వచ్చిన మోతను ఆమె చాందమారి మోతే అనుకుంది. గట్టువైపు చూసింది. అక్కడ పొగ లేదు. వెనక్కి తిరిగితే గూడెం మీద దుమ్ము లేస్తోంది.

నాగయ్యను గుర్తుపట్టడానికి మొలతాడు ఒక్కటే మిగిలింది. లోపల మంచం మీదున్న నరసమ్మకు చెవులు ఒక వారం పనిచేయలేదు. ఆమెకు ఏం జరిగిందో లింగమ్మ చేతులతో చెప్పాల్సి వచ్చింది. కొడుకు పోయాడని చేతులతో ఎట్లా చెప్పిందో, ఆ సంగతి లింగమ్మ ఎవరికీ వివరించలేదు.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. మిగిలింది గోనెలో కట్టుకొని, శివను జీపెక్కించుకొని పోయారు. పేలుడు సామాను దాచారని కేసు. గూడెంలో బడి నడిపే సుందరరాజు సారు ఆళ్లగడ్డ మనిషి, చర్చిలో పాటలు పాడేవాడు. ఆయన స్టేషన్‌కు పోయి అడిగితే, "మీరు పాఠాలు చెప్పుకోండి మాస్టారూ" అన్నారు. నాలుగో రోజున లింగమ్మను పిలిపించారు. సారు తోడొచ్చాడు గానీ ఆయన్ను బయటే ఆపేశారు.

లోపల ఒక ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆమె నిలబడే ఉంది.

"చూడమ్మా, ఆ గుండు చాందమారిది కాదు" అన్నాడు.

"చాందమారిదే సారూ. నా మొగుడు ఆడ్నుంచే తెచ్చినాడు."

"కాదు. పటాలం వాళ్లు పేల్చినవన్నీ పేలినాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. నీ మొగుడికి అది అడవిలో అన్నలు ఇచ్చినారు. దాచిపెట్టమని ఇచ్చినారు. రేపు పెద్దాఫీసరు అడుగుతాడు, ఇదే చెప్పు. చెప్తే మీ పిల్లోడు ఇంటికొస్తాడు."

"చెప్పకపోతే?"

ఇన్‌స్పెక్టరు పక్క గది తలుపు తెరిపించాడు. శివ గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. అరికాళ్లు వాచి పగిలి ఉన్నాయి. వదినను చూసి లేవబోయి లేవలేకపోయాడు. తల వంచుకున్నాడు.

మర్నాడు పెద్దాఫీసరు ముందు లింగమ్మ చెప్పింది. గుండు యాడిది అంటే అడవిది అంది. ఎవరిచ్చారంటే అన్నలు అంది. ఆమె పెద్ద గొంతు ఆ రోజు ఎంత తగ్గిందంటే, ఆఫీసరు రెండుసార్లు మళ్లీ చెప్పమన్నాడు. రెండుసార్లూ చెప్పింది.

సాయంత్రానికి శివను వదిలేశారు. సుందరరాజు సారు ఎవరిదో ఎద్దులబండి మాట్లాడి ఇద్దరినీ గూడెం చేర్చాడు. దారిలో ఒకచోట శివ అన్నాడు, "నన్నడగకుండా చెప్పినావు వదినా. ఇంకో నాలుగు రోజులు తట్టుకుంటాంటి."

"తట్టుకోలేవు."

"తట్టుకుంటాంటి" అని మళ్లీ అని, అటు తిరిగి పడుకున్నాడు.

నరసమ్మకు ఇంకొన్నాళ్లకు ఒక చెవి వినపడసాగింది. గూడెం అంతా చెప్పుకుంటున్నది ఆమె దాకా వచ్చింది. కోడలిని ఒకే ఒక్క మాట అడిగింది. "నా కొడుకు అన్నల మనిషా?"

కాదంటే ఆ మాట బయటికి పోయి శివను మళ్లీ పట్టుకుపోతారని, లింగమ్మ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి నరసమ్మ తన పొయ్యిరాళ్లు తాను పెట్టుకొని వేరే వండుకుంది. ఒకే కొట్టంలో రెండు పొయ్యిలు. అదే తలుపులోంచి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. నడుమ మాట లేదు.

లింగమ్మ చెప్పిన మాట ఆ ఒక్క ఇంటితో ఆగలేదు. అన్నలతో లావాదేవీలున్న గూడెం అని పేరు పడిపోయింది. కొండలో ఎక్కడ ఏం జరిగినా జీపు ఇక్కడికే వచ్చేది. మగవాళ్లను వరసగా నిలబెట్టి అడిగేవాళ్లు. రెండు కుటుంబాలు కొట్టాలు పీకేసుకొని వెళ్లిపోయాయి. చాందమారి మీద మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. జెండా ఎగురుతూనే ఉంది. శివ నంద్యాలకు పోయి బియ్యం మిల్లులో చేరాడు. నడక సరిగా రాలేదు. బస్తా ఎత్తుకుంటే ఎడమకాలు ఈడ్చేవాడు.

లింగమ్మ గంప ముట్టుకోలేదు. రెండు మేకలు పెంచుకుంది. మేకలు కోనవైపు తిరిగితే రాయి తీసుకొని అదిలించేది. సీసం కోసం పోయేవాళ్లు కనిపిస్తే అడ్డం నిలబడి తిట్టేది. వాళ్లూ తిట్టేవాళ్లు. "నీ మొగుడికి అడవిలో దొరికింది గదా, ఈడ నీకేం పని?" అని ఒకడు అడిగాడు. ఆమె మేకల్ని మళ్లేసుకొని వచ్చేసింది.

రెండు వేల మూడులో కింద ఊరి రైతు ఇంటి ఆమె, జానకమ్మ, బర్రెల వెంట కోనలోకి పోయింది. చాందమారి చుట్టూ వేసిన ముళ్లకంచె అప్పటికి తుప్పుపట్టి పడిపోయింది, కాపలావాళ్లు ఆ పూట లేరు. జెండా చిరిగి కర్ర మాత్రమే నిలబడి ఉంది. లోపల గడ్డి మోకాలెత్తు. మంచి గడ్డి కదా అని కొడవలి పెట్టి కోయసాగింది. కొడవలి దేనికో తగిలింది.

లింగమ్మ ఆ పూట గట్టు కింద మేకల దగ్గరుంది. మోత విని లేచింది. చేలల్లోంచి జనం పరుగెత్తుకొచ్చి కంచె దగ్గర నిలబడిపోయారు. లోపల ఇంకా ఏముందో ఎవరికి తెలుసు. జానకమ్మ అరుపు వినిపిస్తోంది. ఆమె మొగుడు కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

లింగమ్మ బర్రెలు తొక్కిన దారి పట్టుకొని లోపలికి నడిచింది. పరుగెత్తలేదు. జానకమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి లేదు. మొహమంతా రక్తం. లింగమ్మ తన కొంగు చించి చేతికి గట్టిగా బిగించి, ఆమెను వీపున వేసుకొని, వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ బయటికొచ్చింది. సుందరరాజు సారు ట్రాక్టరు పిలిపించాడు. ఆళ్లగడ్డలో కట్టుకట్టి నంద్యాల పెద్దాసుపత్రికి పంపారు. జానకమ్మ బతికింది. చెయ్యి పోయింది, ఒక కన్ను పోయింది.

ఈసారి సంగతి అట్లే అణగిపోలేదు. జానకమ్మ వాళ్లకు మనుషులున్నారు. రోడ్డుమీద బస్సులు ఆపారు. పత్రికలవాళ్లు వచ్చారు. విచారణ పెడుతున్నారని, గూడెం బడి దగ్గరే కూర్చుంటారని సుందరరాజు సారు చెప్పాడు.

"నువ్వు కూడా చెప్తావా లింగమ్మా?" అన్నాడు. "బలవంతం లేదు. ఆలోచించుకో."

లింగమ్మ ఆ సాయంత్రమే నంద్యాల బస్సెక్కింది. మిల్లు బయట ఊక కుప్పల పక్కన శివతో మాట్లాడింది.

"నాగయ్య సంగతి చెప్తాండా. చాందమారి గుండే అని చెప్తాండా."

శివ నెత్తిమీది గోనెపట్ట తీసి దులుపుకున్నాడు. "ఇప్పుడా? ఇన్నేండ్లకా? నువ్వు మాట మారిస్తే వాళ్లు యాడికొస్తారు? నా దగ్గరికే గదా."

"అందుకే వచ్చినా. నువ్వు ఈడుండొద్దు. కొలిమిగుండ్ల పక్క బండల గనుల్లో పని ఉండాదంట. సారుకు తెలిసినోళ్లు ఉండారు. బిరీన పో."

"అప్పుడూ నన్నడగలేదు. ఇప్పుడూ అడగడంలే, చెప్తాండావ్."

"అవును" అంది లింగమ్మ. "చెప్పకపోతే ఆ జానకమ్మకు కూడా అడివిలోనే దొరికింది అంటారు."

శివ ఊకను కాలితో ఒక పక్కకు తోశాడు. తర్వాత లోపలికి పోయి తన గుడ్డల మూట తెచ్చుకున్నాడు. బస్టాండు దాకా ఇద్దరూ కలిసే నడిచారు. అతను ఎక్కాల్సిన బస్సు ముందొచ్చింది. మూట చంకన పెట్టుకొని ఎక్కేశాడు.

విచారణ రోజున బడి వసారాలో బల్ల వేశారు. ఒక పెద్దాఫీసరు, ఇద్దరు గుమాస్తాలు కూర్చున్నారు. పక్కన పోలీసులు నిలబడ్డారు. గూడెం వాళ్లు వేప నీడన కూర్చున్నారు. నరసమ్మను కూడా ఎవరో చెయ్యి పట్టుకొని తెచ్చి ఒక రాయి మీద కూర్చోబెట్టారు. జానకమ్మ మొగుడు చెప్పడం అయ్యాక లింగమ్మ లేచింది. చూసింది చూసినట్టు చెప్పింది. జానకమ్మ సంగతి అయ్యాక కూర్చోకుండా అట్లే నిలబడింది.

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

"ఉండాది సారూ. నా మొగుడు నాగయ్య కూడా చాందమారి గుండుకే చచ్చిపోయినాడు. అడివిది కాదు. అన్నలు ఇయ్యలేదు. అన్నల మొహం కూడా ఆయప్ప చూడలేదు."

ఆఫీసరు పక్కనున్న పోలీసాయనను ఏదో అడిగాడు. ఆయన వంగి చెవిలో చెప్పాడు.

"అప్పుడు నువ్వే అడవిది అన్నావంట గదా. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు చెప్పిందే అబద్ధం."

"ఎందుకు చెప్పావు?"

"మా మరిది లోపలుండె. కాళ్లు పగలగొట్టిండ్రి."

"ఎవరు చెప్పమన్నారు? పేరు చెప్పగలవా?"

లింగమ్మ పోలీసుల వైపు చూసింది. అప్పటివాళ్లు ఒక్కరూ లేరు. అందరూ కొత్త మొహాలే. "ఆ సారు పేరు నాకు తెలీదు. నాతో పేరెవురు చెప్తారు?" అంది.

గుమాస్తా రాయడం ఆపి ఆఫీసరు మొహం చూశాడు. "ఇది ఈ విచారణలోకి రాదమ్మా" అన్నాడు ఆఫీసరు. ఆ మాట కటువుగా అనలేదు. "ఆ కేసు ఎప్పుడో మూసేశారు. నువ్వు మాట మార్చావు కాబట్టి తిరిగి తెరవడం కూడా కష్టం."

"తెరవమని అడగడంలే సారూ. చెప్తాండా, అంతే."

ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. వేప కింద చివరన కూర్చున్నవాళ్లకు కూడా వినపడింది. నరసమ్మ బాగున్న చెవిని ఆ వైపు తిప్పుకొని కూర్చుంది.

ఇంటికి పోయినాక నరసమ్మ తన పొయ్యి అంటించలేదు. గడపలో కూర్చుంది. లింగమ్మ జొన్నసంగటి దించింది. కొంచెం సేపయ్యాక ముసలామె, "నాకూ ఇంత పెడతావా?" అంది. లింగమ్మ పెట్టింది. ఇద్దరూ ఒకచోటే కూర్చొని తిన్నారు. తర్వాత కూడా వాళ్లు ఎక్కువ మాట్లాడుకోలేదు. రెండో పొయ్యి రాళ్లు మాత్రం నరసమ్మే తీసి దడి పక్కన పడేసింది.

జానకమ్మకు సర్కారు సాయం అందింది. నాగయ్యకు ఏమీ రాలేదు. లింగమ్మ భయపడ్డట్టు శివ కోసం మిల్లుకు ఇద్దరు పోలీసులు పోయి వెతికి, లేడని తిరిగొచ్చారు. ఆ తర్వాత వదిలేశారు. శివకు ఆ సంగతి చెప్పి పంపినా నంద్యాలకు తిరిగి రాలేదు. గనుల్లోనే ఉండిపోయాడు.

రెండు వేల ఆరులో చాందమారి ఎత్తేశారు. పటాలానికి ఇంకో జిల్లాలో పెద్ద జాగా ఇచ్చారట. చెక్క బొమ్మలు, కాపలా గుడిసె రేకులు లారీలో వేసుకొని పోయారు. నేలలో దిగబడ్డవాటిని ఎవరూ వెతకలేదు. ఒక మధ్యాహ్నం కొందరొచ్చి కర్రలతో గడ్డిని అటూ ఇటూ కదిపి, అంతా బాగుందని చెప్పి వెళ్లిపోయారు.

కొత్త జాగా ఎట్లాంటిదని లింగమ్మ సుందరరాజు సారును అడిగింది.

"కొండ పక్కనే అంట. ఎవరూ లేని చోటని పేపర్లో వేసినారు" అన్నాడాయన.

"ఎవురూ లేరా?" అంది లింగమ్మ. "ఎవురు పోయి చూసినారు?"



నరసమ్మ రెండు వేల ఎనిమిది చలికాలంలో చనిపోయింది. కబురు అంది శివ వచ్చాడు. తలలో అప్పుడే తెల్లవెంట్రుకలు. బండల దుమ్ముకు దగ్గు పట్టింది. తల్లిని పూడ్చినాక వదిన వండింది తిన్నాడు. నాగయ్య ప్రాణం పోయిన చోటు చూపించమన్నాడు. అక్కడ ఇప్పుడు మేకల దొడ్డి. కాసేపు దడి పట్టుకొని నిలబడి, సాయంత్రం బస్సుకు పోయాడు.

లింగమ్మ ఒక్కతే ఆ కొట్టంలో ఉంటోంది. బంక కాలం వస్తే గూడెం ఆడవాళ్లతో కలిసి కొండెక్కుతుంది. కోన తెరిచే ఉంది, జెండా లేదు, కాపలా లేదు. అయినా వాళ్లు గట్టు చుట్టే పోతారు. మధ్యాహ్నానికి గానీ బంక చెట్ల దగ్గరికి చేరరు.